హైబ్రిడ్ ప్రచురణ సంస్థతో తొలి కథల సంపుటి: సంతకానికి ముందు ఏమేమి అడగాలి?

మలక్‌పేట_కథకురాలు

సభ్యులందరికీ నమస్కారం. గత కొన్నేళ్ళలో పత్రికల్లో, అంతర్జాల పత్రికల్లో వచ్చిన నా కథలను సంపుటిగా తేవాలనుకుంటున్నాను. ఇంతవరకు నా ముందున్న దారి ఒక్కటే: సొంత డబ్బుతో అచ్చు వేయించుకోవడం, రెండో పేజీలో ‘ప్రతులకు’ అని మా ఇంటి చిరునామా వేసుకోవడం, ఆవిష్కరణ సభలో సగం ప్రతులు పంచిపెట్టి మిగిలినవి అటక మీద పెట్టుకోవడం. నాకు తెలిసిన చాలామంది రచయితలు ఇలాగే చేశారు.

ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్న ఒక చిన్న సంస్థ నా రాతప్రతి మొత్తం చదివి, రెండు కథలు ఈ సంపుటిలో ఇమడలేదని, మరొక కథ ముగింపు మళ్ళీ రాస్తే బాగుంటుందని వివరంగా ఉత్తరం రాసింది. అచ్చు ఖర్చులో కొంత నేను భరించాలట. సంపాదకత్వం, ముఖచిత్రం, పంపిణీ వారు చూసుకుంటారట. అమ్మకాల్లో మామూలు రాయల్టీ కంటే ఎక్కువ వాటా ఇస్తారట. దీనిని వారు హైబ్రిడ్ ప్రచురణ అంటున్నారు. ఇదే సమయంలో మరొక సంస్థ రాతప్రతి అడగకుండానే ఫోనులో మూడు రకాల ప్యాకేజీల ధరలు చెప్పింది. ఈ రెండింటికీ తేడా ఉందని అనిపిస్తోంది కానీ ఆ తేడాను దేనితో కొలవాలో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు వివరించగలరా?

విమర్శక_మిత్రుడు

రచయిత ప్రచురణకర్తకు డబ్బు ఇవ్వకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం. పేరు ఏదైనా పెట్టుకోండి, పుస్తకం బయటికి రాకముందే సంస్థకు ఆదాయం వచ్చేస్తే ఆ పుస్తకాన్ని అమ్మవలసిన అవసరం దానికి ఉండదు. బ్రిటన్‌లో సొసైటీ ఆఫ్ ఆథర్స్, రైటర్స్ గిల్డ్ అనే రచయితల సంఘాలు కలిసి 2022లో హైబ్రిడ్, చెల్లింపు ప్రచురణ సంస్థల మీద ఒక నివేదిక వెలువరించాయి. సర్వేలో పాల్గొన్న రచయితల్లో 94 శాతం మంది డబ్బు నష్టపోయామని చెప్పారు. అక్కడ పాఠకుల మార్కెట్ మనకంటే ఎంతో పెద్దది. అక్కడే అలా ఉంటే, 500 ప్రతులు అమ్ముడుపోవడమే గొప్ప అనుకునే తెలుగు కథల సంపుటికి ఏం మిగులుతుంది?

చిన్న_ప్రచురణకర్త

నేను ఇదే పని చేస్తున్నాను కనుక నా మాటను ఆ దృష్టితోనే చదవండి. విమర్శక_మిత్రుడు గారి ఆందోళన న్యాయమైనదే. ఆయన చెప్పిన నివేదికను మా వంటివారంతా చదవాలి. అయితే దాని నుంచి తీయవలసిన ప్రశ్న ‘రచయిత డబ్బు పెట్టాడా లేదా’ అన్నది కాదని నా నమ్మకం. సంస్థ తన లాభాన్ని ఎక్కడి నుంచి తీసుకుంటోంది, రచయిత ఇచ్చే సొమ్ము నుంచా, పాఠకుడు కొనే ప్రతి నుంచా? దీనికి జవాబు తెలిస్తే మిగిలినవన్నీ తేలిపోతాయి.

అమెరికాలోని ఇండిపెండెంట్ బుక్ పబ్లిషర్స్ అసోసియేషన్ హైబ్రిడ్ ప్రచురణకర్తకు ఉండవలసిన లక్షణాలను 2018లో ప్రకటించి, 2022లో సవరించింది. ఇప్పుడవి 11. వచ్చిన రాతప్రతులన్నిటినీ కాక వడపోసి ఎంచుకోవాలి, సొంత ప్రచురణ పేరుతో, సొంత ఐఎస్‌బిఎన్‌తో (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ప్రచురించాలి, పంపిణీ తానే చేయాలి, చెప్పుకోదగ్గ అమ్మకాలు చూపగలగాలి, మామూలు కంటే ఎక్కువ రాయల్టీ ఇవ్వాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మన దేశంలో వాటికి ఏ చట్టబద్ధతా లేదు, కానీ గీటురాయిగా పనికొస్తాయి. మలక్‌పేట_కథకురాలు గారికి వచ్చిన రెండు ప్రతిపాదనల్లో మొదటిదాని సంస్థ రాతప్రతి చదివింది, కొన్ని కథలు వద్దని చెప్పింది. వద్దు అనగలగడమే తొలి పరీక్ష. రాతప్రతి చూడకుండా ధర చెప్పే సంస్థ అచ్చు సేవ అమ్ముతోంది; అది నేరమేమీ కాదు, కానీ దానిని ప్రచురణ అనకూడదు.

ఇక డబ్బు లెక్క. అంకెలు ఉదాహరణకే తీసుకుంటున్నాను. వెల 200 రూపాయలు, దుకాణానికి 40 శాతం కమీషన్ అనుకుందాం. ప్రతి ఒక్కదానికీ సంస్థ చేతికి వచ్చేది 120 రూపాయలు. ఒప్పందంలో ‘నికర ఆదాయంలో రచయితకు 60 శాతం’ అని ఉంటే మీకు 72 రూపాయలు వస్తాయి. మీరు అచ్చుకోసం 36,000 పెట్టి ఉంటే, 500 ప్రతులు అమ్ముడైన రోజున మీ సొమ్ము తిరిగి వచ్చినట్టు. ఇదే లెక్కలో కొందరు ‘నికర ఆదాయం’ అనే మాటకు నిర్వచనం రాస్తూ అచ్చు ఖర్చును కూడా మినహాయిస్తారు. ప్రతికి 60 రూపాయలు అచ్చు ఖర్చు తీసేస్తే మిగిలేది 60, అందులో మీ వాటా 36. ఇప్పుడు మీ సొమ్ము తిరిగి రావాలంటే 1,000 ప్రతులు అమ్ముడు కావాలి. వేసినవే 500 ప్రతులైతే అది ఎన్నటికీ జరగదు. అచ్చు ఖర్చును మీరు ముందే భరించారు కదా, దానిని మళ్ళీ మీ వాటాలోంచి తీయడం ఒకే ఖర్చును రెండుసార్లు వసూలు చేయడమే అవుతుంది. రాయల్టీ శాతం ఎంత అని అందరూ అడుగుతారు. ఆ శాతం దేని మీద అన్నది తప్పకుండా అడగండి.

పోలిక కోసం మరొక మాట. మొత్తం ఖర్చు సంస్థే భరించి వెల మీద 10 శాతం రాయల్టీ ఇస్తే మీకు ప్రతికి 20 రూపాయలు వస్తాయి, నష్టభయం ఏమీ ఉండదు. అటువంటి ప్రతిపాదన వస్తే, అది మంచి సంస్థ అయితే, దానికే నా ఓటు. హైబ్రిడ్ పద్ధతి అవసరమయ్యేది, సంస్థకు పుస్తకం నచ్చినా పూర్తి పెట్టుబడిని మోసే శక్తి లేనప్పుడు.

విమర్శక_మిత్రుడు

లెక్క స్పష్టంగా ఉంది, కృతజ్ఞతలు. ఆ పెట్టుబడి శక్తి లేని సంస్థకు పంపిణీ శక్తి మాత్రం ఎలా ఉంటుందన్న సందేహం నాకు అలాగే ఉంది.

కోఠి_పుస్తక_దుకాణం

పంపిణీ గురించి నేను చెప్పగలను. నలభై ఏళ్ళుగా కాకపోయినా చాలాకాలంగా ఈ గల్లా వెనుక కూర్చున్నవాడిని. తెలుగు సాహిత్య పుస్తకాలను మేము ఎక్కువగా అమ్మకం మీదనే తీసుకుంటాము, అంటే అమ్ముడైన తరువాతే డబ్బు చెల్లిస్తాము, అమ్ముడుపోనివి వెనక్కి ఇస్తాము. రచయిత ఒక్కరే పది ప్రతులు సంచిలో తెచ్చి ఇస్తే, ఆ పదింటికి ఒక రశీదు, ఒక ఖాతా, ఆరు నెలల తరువాత ఒక ఫోను. ఇరవై మంది రచయితలతో ఇలా లెక్కలు నడపడం మా వంటి చిన్న దుకాణానికి సాధ్యం కాదు, అందువల్ల చాలాసార్లు వద్దని చెప్పవలసి వస్తుంది. ఒక చిన్న సంస్థ ఇరవై పుస్తకాలతో వస్తే ఒకే ఖాతా, ఒకే వసూలు. ఏ పుస్తకం కదులుతోందో చెబితే వారంలో మళ్ళీ తెచ్చి ఇస్తారు. చిన్న సంస్థ చేసే పంపిణీలో సగం పని ఈ తిరుగుడే. దానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు, ఓపిక, నమ్మకం కావాలి. సికింద్రాబాద్‌లో 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకాలను స్వయంగా మోసుకువెళ్ళి అమ్మేవారని పెద్దలు చెప్పేవారు. ఈ నగరంలో చిన్న ప్రచురణకు ఆ వారసత్వం ఉంది.

డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శన విషయం కూడా అడగండి. అక్కడ స్టాలు అద్దె ఒక్క రచయిత భరించలేడు. సంస్థ స్టాలు తీసుకుంటే మీ పుస్తకం పాఠకుడి చేతికి నేరుగా వెళుతుంది, మధ్యలో మా కమీషన్ కూడా ఉండదు. ఆ స్టాలులో అమ్ముడైన ప్రతికి మీ వాటాను పూర్తి వెల మీద లెక్కిస్తారా, దుకాణం కమీషన్ తీసేసినట్టుగానే లెక్కిస్తారా అన్నది ఒప్పందంలో రాయించుకోండి. దీనిని చాలామంది మరిచిపోతారు.

అక్షర_కూర్పరి

పుస్తకం లోపలి పని గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక కొంత వివరంగా రాస్తాను. చాలా తెలుగు పుస్తకాలు ఇప్పటికీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో కూర్చబడుతున్నాయి. అచ్చుకు అవి చాలు. కానీ అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదవగల ఉమ్మడి అక్షర సంకేత పద్ధతి) కావు కనుక, రేపు ఈ-పుస్తకం చేయాలన్నా, అంతర్జాలంలో ఒక కథ పెట్టాలన్నా, మాటను వెతకాలన్నా మొత్తం పాఠాన్ని మార్చుకోవాలి. మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి, కొమ్ములు, సున్నలు తారుమారవుతాయి, మళ్ళీ మొదటి నుంచి ప్రూఫులు దిద్దాలి. మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చిన కథలను అను ఫాంట్‌లోకి మార్చి కూర్చితే ఆ తప్పులు మీ పుస్తకంలోకే వస్తాయి. ఇన్‌డిజైన్ అనే కూర్పు సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగును నేరుగా కూర్చవచ్చు. సంస్థ ఏ పద్ధతి వాడుతుందో ముందే అడగండి. పని పూర్తయ్యాక చివరి పీడీఎఫ్ మాత్రమే కాక, దిద్దుబాట్లన్నీ చేరిన యూనికోడ్ పాఠం కూడా మీకు ఇవ్వాలని కోరండి. ఎన్నో సంపుటాలు రెండో ముద్రణకు వచ్చేసరికి ఫైలు ఎవరి దగ్గరా లేక మళ్ళీ టైపు చేయించవలసి వస్తోంది.

ఈ-పుస్తకం విషయంలో తెలుగువారికి ఇప్పటికే కష్టాలు ఎక్కువ. 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కనుక ‘ప్రపంచమంతటా ఈ-పుస్తకం’ అని ప్యాకేజీలో రాస్తే, తెలుగు పుస్తకాన్ని ఏ వేదికలో, ఏ రూపంలో పెడతారో పేరుపేరునా చెప్పించుకోండి.

కాగితం, బైండింగ్ గురించి క్లుప్తంగా: 16 పేజీలు ఒక ఫారం కనుక 160 పేజీలంటే సరిగ్గా పది ఫారాలు. పేజీల సంఖ్యను ఫారాలకు సరిపోయేలా సర్దితే కాగితం వృథా కాదు. కాగితం ఎన్ని జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు), ముఖచిత్రం అట్ట ఎన్ని జీఎస్‌ఎం, కుట్టు బైండింగా జిగురు బైండింగా అన్నవి అంచనా పత్రంలో రాసి ఉండాలి. నాణ్యత అనే మాట ఒక్కటే రాసి ఉంటే సరిపోదు.

పాఠ_సంపాదకురాలు

అక్షర_కూర్పరి గారు చెప్పిన దానికి ముందు దశ ఒకటి ఉంది, నా దృష్టిలో హైబ్రిడ్ సంస్థ రచయితకు ఇవ్వగల అతి విలువైన సహాయం అదే. మన దగ్గర సంపాదకత్వమంటే అక్షరదోషాలు దిద్దడమనే భావన బలంగా పాతుకుపోయింది. ప్రూఫులు దిద్దడం వేరు, పాఠానికి సంపాదకత్వం వహించడం వేరు. కథల వరుస ఎలా ఉండాలి, ఒకే రకమైన ముగింపు మూడు కథల్లో వచ్చిందా, ఒక కథలో కాలం ముందువెనుకలు తప్పాయా, ఒక పాత్ర పేరు మధ్యలో మారిందా అని చూసే మనిషి రచయితకు బయట ఒకరు కావాలి. స్వీయ ప్రచురణలో ఈ మనిషి ఉండడం చాలా అరుదు, ఎందుకంటే ఆ పనికి డబ్బు ఇవ్వాలని ఎవరికీ తోచదు.

తెలంగాణ మాండలికంలో రాసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మాండలికం తెలియని దిద్దుబాటుదారు ‘పోయిండు’ను ‘పోయాడు’గా, ‘గిట్ల’ను ‘ఇట్లా’గా మార్చి, ఒక్కొక్కచోట వదిలేసి, పాత్ర నోట రెండు ప్రాంతాల మాటలు కలిపేస్తాడు. మంచి సంపాదకుడు ఏ పాత్ర ఏ మాట ఎలా అంటుందో, ‘వాళ్లు’ రాయాలా ‘వాళ్ళు’ రాయాలా, ఇంగ్లీషు మాటలను ఎలా రాయాలి అన్నవన్నీ ఒక పట్టికగా రాసుకుని, రచయితతో ఒప్పించుకుని, ఆ తరువాతే దిద్దడం మొదలుపెడతాడు. మీ సంస్థను ఒక కథకు నమూనా దిద్దుబాటు చేసి చూపమని అడగండి. ఆ నాలుగైదు పేజీలు చూస్తే, మీ భాషను గౌరవించే చేయి అవునో కాదో మీకే తెలుస్తుంది.

బర్కత్‌పుర_న్యాయవాది

ఒప్పందం గురించి చట్టం ఏమంటుందో చెబుతాను. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో రాయాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా చట్టం భావిస్తుంది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోపు వినియోగించని పక్షంలో ఆ హక్కు బదలాయింపు ముగిసిపోతుంది. ఈ రక్షణలు చాలావరకు ‘రాయకపోతే’ అన్న షరతుతో ఉన్నాయని గమనించండి. మీరు సంతకం చేసిన కాగితంలో అందుకు విరుద్ధంగా రాసి ఉంటే అవి మీకు అక్కరకు రావు.

నా సలహా ఏమిటంటే, హక్కులను బదలాయించకండి, నిర్ణీత కాలానికి ప్రచురించుకునే అనుమతి మాత్రమే ఇవ్వండి. ఖర్చులో భాగం మీరు భరిస్తున్నప్పుడు అచ్చు పుస్తకం, ఈ-పుస్తకం దాటి అనువాదం, సినిమా, ఆడియో హక్కులను సంస్థకు ఇవ్వవలసిన కారణం లేదు. ఒకవేళ ఆ హక్కులను తామే ఇతరులకు అమ్మిపెడతామంటే, దానికి వేరే వాటా, వేరే గడువు రాయించుకోండి. కాపీరైట్ నమోదు తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది. రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళు అది నిలుస్తుంది. సాహిత్య రచనకు నమోదు రుసుము 500 రూపాయలు మాత్రమే కనుక, ప్యాకేజీలో దీనికి వేలల్లో ధర కనబడితే కారణం అడగండి.

ఐఎస్‌బిఎన్ సంగతీ అంతే. మన దేశంలో దానిని ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, సొంతంగా ప్రచురించుకునే రచయితలకు కూడా.

మలక్‌పేట_కథకురాలు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒప్పందం ముసాయిదా వచ్చింది. సంపాదకత్వం, ముఖచిత్రం ఖర్చు పూర్తిగా సంస్థదే. అచ్చు ఖర్చులో సగం నాది. నికర ఆదాయం అంటే దుకాణం కమీషన్, తపాలా ఖర్చు పోగా వచ్చేదని రాశారు, అచ్చు ఖర్చు మినహాయింపు లేదు. అయితే మూడు విషయాలు నాకు అర్థం కాలేదు. గడువు 10 సంవత్సరాలు అని ఉంది. లెక్కలు ‘సంవత్సరాంతంలో’ ఇస్తామని ఉంది కానీ ఏ రూపంలో అన్నది లేదు. గడువు ముగిశాక మిగిలిన ప్రతుల ప్రస్తావనే లేదు. అలాగే గ్రంథాలయాలకు పంపడం సంస్థ బాధ్యతా, నాదా?

చిక్కడపల్లి_గ్రంథపాలకుడు

చివరి ప్రశ్నకు నేను జవాబిస్తాను. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకు ప్రచురణకర్త తన ఖర్చుతో పంపాలి. ఇది ప్రచురణకర్త బాధ్యత. పుస్తకం మీద ప్రచురణకర్తగా సంస్థ పేరు ఉన్నప్పుడు పంపవలసినది సంస్థే. చాలా తెలుగు పుస్తకాలు అక్కడికి చేరడం లేదు, రేపటి పరిశోధకుడికి అవి లేనట్టే అవుతాయి. కనుక ఈ నాలుగు ప్రతులనూ ఒప్పందంలో రాయించండి.

పౌర గ్రంథాలయాల కొనుగోలు వేరే విషయం. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్ను మీద మా వ్యవస్థ నడుస్తుంది. కొనుగోలుకు ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తులు పెట్టుకోవాలి. విడి రచయిత ఈ ప్రకటనలను కనిపెట్టుకుని కూర్చోలేడు. సంస్థ ఇదివరకు ఏయే పుస్తకాలకు దరఖాస్తు చేసిందో అడిగితే, పంపిణీ మీద వారికి ఎంత శ్రద్ధ ఉందో బయటపడుతుంది.

చిన్న_ప్రచురణకర్త

ముసాయిదాలో నికర ఆదాయం నిర్వచనం నిజాయితీగా ఉంది. తపాలా ఖర్చు అన్నచోట ‘వాస్తవంగా అయినంత’ అని చేర్పించండి. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతోంది. విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన అచ్చు పుస్తకాలకు అది వర్తిస్తుంది, ప్రకటనలున్న ప్రచురణలకు వర్తించదు. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. 160 పేజీల డెమ్మీ సైజు పుస్తకం 300 గ్రాములు దాటదు. మీ పుస్తకాన్ని ఈ సేవలో తీసుకుంటారో లేదో సంస్థ వారు తపాలా కార్యాలయంలో ముందే తేల్చుకోవడం మంచిది. ఖరీదైన కొరియర్‌లో పంపి మీ వాటాలో కోసుకోకుండా ఈ ఒక్క మాట కాపాడుతుంది.

లెక్కల గురించి: మేము ఆరు నెలలకొకసారి ఇస్తాము. మొత్తం వేసినవి ఎన్ని, దుకాణాల్లో ఉన్నవి ఎన్ని, అమ్ముడైనవి ఎన్ని, సమీక్షలకు, గ్రంథాలయాలకు ఉచితంగా ఇచ్చినవి ఎన్ని, గోదాములో మిగిలినవి ఎన్ని అన్న అయిదు అంకెల్లో చివరి నాలుగూ కూడితే మొదటి అంకె రావాలి. అచ్చు యంత్రశాల బిల్లు నకలు కూడా అడగండి, అప్పుడు వేసిన ప్రతుల సంఖ్య మీద సందేహం ఉండదు. రచయిత ఖర్చు పంచుకున్న పుస్తకానికి ఈ బిల్లు చూపడానికి వెనుకాడే సంస్థతో నేనైతే పని చేయను.

విమర్శక_మిత్రుడు

ఈ చర్చ తరువాత కూడా రచయిత డబ్బు పెట్టకుండా ఉండడమే మేలన్న అభిప్రాయం నాకు మారలేదు. కానీ సంపాదకత్వం ఖర్చు తాను పెట్టి, అచ్చు బిల్లు చూపే సంస్థను, ఫోనులో ప్యాకేజీ చెప్పే సంస్థను ఒకే గాట కట్టడం సరికాదని ఒప్పుకుంటాను. ఒక సూచన: ఆ సంస్థ ఇదివరకు ప్రచురించిన రచయితల్లో ఇద్దరితో, సంస్థ చూపించినవారితో కాక మీరు ఎంచుకున్నవారితో, మాట్లాడండి. డబ్బు చేతికి వచ్చిందా అని కాక, లెక్క చేతికి వచ్చిందా అని అడగండి.

బర్కత్‌పుర_న్యాయవాది

మిగిలిన రెండు అంశాలు. గడువు 10 సంవత్సరాలు ఎక్కువ. 3 లేదా 5 సంవత్సరాలకు తగ్గించి, ఇరువురూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పొడిగింపు అని రాయించండి. తనంతట తానే పొడిగింపు జరిగే వాక్యం ఉంటే తీసేయమనండి. పుస్తకం దుకాణాల్లో దొరకకుండా పోయి, మీరు రాతపూర్వకంగా కోరిన ఆరు నెలల్లో మళ్ళీ అచ్చు వేయకపోతే హక్కులు మీకు తిరిగి రావాలన్న నిబంధన కూడా ఉండాలి.

మిగిలిన ప్రతుల విషయం ఇలా రాయమని అడగండి: గడువు ముగిసిన నాటికి గోదాములో ఉన్న ప్రతులలో రచయిత భరించిన ఖర్చు నిష్పత్తికి తగిన ప్రతులను ఉచితంగా, మిగతావాటిని అచ్చు ఖర్చు మించని ధరకు, రచయిత కోరితే అప్పగించాలి, రచయిత వద్దన్న ప్రతులను అమ్ముకోవడానికి సంస్థకు మరో ఆరు నెలల వ్యవధి ఉండాలి, ఆ అమ్మకాలకు కూడా పాత వాటానే వర్తించాలి. ఆ తరువాత మీరు వేరే సంస్థ ద్వారా గాని సొంతంగా గాని కొత్త ముద్రణ తెచ్చుకుంటే దానికి కొత్త ఐఎస్‌బిఎన్ తీసుకోవాలి, పాత సంఖ్య పాత ప్రచురణకర్తకే చెందుతుంది. ముఖచిత్రం బొమ్మను కొత్త ముద్రణలో వాడుకోవచ్చునో లేదో చిత్రకారుడి నుంచి సంస్థ రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితం నకలును ఒప్పందానికి జతచేయాలి.

మలక్‌పేట_కథకురాలు

గడువు, లెక్కలు, మిగిలిన ప్రతులు, గ్రంథాలయ ప్రతులు, యూనికోడ్ పాఠం, అచ్చు బిల్లు గురించి సంస్థకు రాశాను. గడువు 5 సంవత్సరాలకు ఒప్పుకున్నారు. ఆరు నెలల లెక్కలకు, అచ్చు బిల్లుకు అభ్యంతరం లేదన్నారు. పుస్తక ప్రదర్శన స్టాలులో అమ్ముడైన ప్రతుల మీద మాత్రం స్టాలు అద్దెలో కొంత మినహాయించుకుంటామని కోరారు. అద్దెను ఆ స్టాలులో ఉంచిన పుస్తకాలన్నిటికీ సమానంగా పంచి, నా పుస్తకం వంతు ఎంతో లెక్కలో విడిగా చూపితే ఒప్పుకుంటానని జవాబిచ్చాను. నమూనా దిద్దుబాటుకు మూసీ ఒడ్డు కథను పంపుతున్నాను, అందులో ముగ్గురు మూడు ప్రాంతాల తెలుగు మాట్లాడతారు. అది తిరిగి వచ్చాకే సంతకం చేస్తాను.